రోజుకు రెండు రోజులు

రాన్వేగ్ కలల్లోకి దెయ్యాలు వచ్చి ఉంటే ఆమె సుఖంగా ఉండేది. దెయ్యం కనిపించిందంటే అది కలేనని ఎవరికైనా తెలుస్తుంది. లేచి ముఖం కడుక్కుని మరిచిపోవచ్చు. ఆమె కలల్లోకి వచ్చేవి మాత్రం అంట్లు. కాఫీ గిన్నె తోమడం, చేపల ఫ్యాక్టరీలో కత్తి నూరుకోవడం, చెత్తబండి గురువారం వస్తుందా శుక్రవారమా అని పక్కింటి దనూతను అడగడం. కలలో గిన్నె బరువు చేతికి తెలుస్తుంది, సబ్బునీళ్లు చల్లారిపోవడం తెలుస్తుంది, దనూత గొంతులో జలుబు కూడా తెలుస్తుంది. తీరా లేచి చూస్తే గిన్నె జిడ్డుతో అలాగే పడి ఉంటుంది, దనూతకు జలుబూ లేదు గిలుబూ లేదు. ఇలాంటి కలలు ఎవరికి కావాలి చెప్పండి?

ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. ఉత్తర ఐస్‌లాండ్‌లో సేల్విక్ అనే రేవూళ్లో, రేకులతో కట్టిన చిన్న ఇంట్లో ఒక్కతే ఉంటుంది. భర్త స్టుర్లా గుండె ఆగి పోయి పదకొండేళ్లయింది. పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా ఫ్యాక్టరీలో, కింద దీపం వెలిగే గాజు బల్ల ముందు నిలబడి చేప ముక్కల్లోంచి ముళ్లు, పురుగులు ఏరడం ఆమె పని. ముప్పై ఏళ్లుగా అదే పని. రాత్రి పడుకుంటే కలలోనూ అదే బల్ల, అవే ముళ్లు. పగలు ఒక రోజు, రాత్రి ఇంకో రోజు. జీతం మాత్రం ఒకదానికే ఇస్తారు. పొద్దున్నే లేచేసరికి ఒళ్లు హూనమై ఉండేది. "నిద్రపట్టిందా?" అని ఎవరైనా అడిగితే ఆమెకు ఒళ్లు మండేది. నిద్ర పట్టకపోవడం కాదు, పట్టడమే కదా ఆమెకొచ్చిన తిప్పలు.

చిన్నప్పటి నుంచీ కలలు ఎక్కువే. కానీ అవి కలల్లా ఉండేవి. యాభై దాటాక, ఆడవాళ్ల ఒంట్లో మార్పులు వచ్చే రోజుల్లో మొదలైంది ఈ పీడ. డాక్టరు అలాగే అన్నాడు, తర్వాత కాదేమో అన్నాడు, ఆ తర్వాత దిండు పక్కన నోటుబుక్కు పెట్టుకుని లేవగానే కలను రాసెయ్యమన్నాడు. రాసింది కల, రాయనిది నిజం. రెండు వారాలు ఆ ఉపాయం బాగానే నడిచింది. మూడో వారం ఆమెకు నోటుబుక్కులో కలను రాస్తున్నట్టు కల వచ్చింది. లేచి చూస్తే పేజీ తెల్లగా ఉంది. ఆ నోటుబుక్కును ఆమె కాగితాల చెత్తలో వేసింది. వేసిన సంగతి దనూతను అడిగి రూఢి చేసుకుంది.

ఇందులో సిగ్గుపడాల్సిన సందర్భాలకు కొదవ లేదు. ఒకసారి పాస్టరుగారి భార్య పోయిందని విని, కేకు చేసి పట్టుకుని పరామర్శకు వెళ్లింది. తలుపు తీసింది ఆ పాస్టరుగారి భార్యే. "ఊరికే చేశాను, తింటారని" అని కేకు చేతిలో పెట్టి వచ్చేసింది గానీ, నల్ల బట్టలు వేసుకుని ఎవరైనా ఊరికే కేకు తెస్తారా? ఊరంతా వారం రోజులు నవ్వుకుంది. పాపం ఆ భార్య మాత్రం నెల రోజుల పాటు డాక్టరు చుట్టూ తిరిగింది.

ఎందుకంటే రాన్వేగ్ నాయనమ్మ నిజమయ్యే కలలకు పేరుపడిన మనిషి. ఆవిడ పొద్దున్నే ముఖం చిట్లిస్తే రేవులో పడవలు కదిలేవి కావట. అందుకని ఊళ్లో పెద్దవాళ్లు రాన్వేగ్‌ను కూడా వదిలిపెట్టరు. కారు నేర్చుకునే వాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, వాతావరణం ఎలా ఉంటుందో తెలియాల్సినవాళ్లు, అందరూ "ఏం కల వచ్చింది?" అని అడిగేవాళ్లే. "అంట్లు తోమాను" అంటే నమ్మరు. దాస్తోందనుకుంటారు.

చివరికి ఆమె తనకు తాను ఒక పద్ధతి పెట్టుకుంది. అనుమానం వచ్చిన ప్రతిదీ కలే అనుకోవాలి. రెండో మనిషి నోటి నుంచి వినేదాకా ఏదీ జరిగినట్టు లెక్క కాదు. విసుగెత్తించే పద్ధతే గానీ, కేకులు పట్టుకుని పోయే ప్రమాదం లేదు. రెండో మనిషి అంటే ఎక్కువగా దనూతే. పోలండ్ నుంచి వచ్చి పదేళ్లుగా ఫ్యాక్టరీలో ఆమె పక్క బల్ల దగ్గరే నిలబడే మనిషి. మొదట్లో దనూత ఓపికగా జవాబు చెప్పేది. తర్వాత తర్వాత, "రాన్వేగ్, నేను నీ డైరీని కాదు" అంది ఒకరోజు. నవ్వుతూనే అంది. అయినా రాన్వేగ్‌కు గుచ్చుకుంది. ఆ రోజు నుంచి దనూతను ఏదీ అడగకూడదని ఒట్టు పెట్టుకుంది.

అన్నిటిలోకీ ఆమెను అలసగొట్టే కల ఒకటుంది. అందులో అన్న హ్యాల్తి వస్తాడు.

హ్యాల్తి ఆమె కంటే తొమ్మిదేళ్లు పెద్ద. పెళ్లి చేసుకోలేదు. ఊరికి ఇరవై మైళ్ల అవతల లోయలో గిల్ అనే చోట, వాళ్ల నాన్న వదిలిన ఇంట్లో, నాన్న వదిలిన గొర్రెలతో ఉంటాడు. ఆస్తి అంతా అతనికే వచ్చింది. రాన్వేగ్‌కు వచ్చినవి నాలుగు గొర్రెలు, ఒక చెవి గాటు. ఆ లోయలో ప్రతి కుటుంబానికీ గొర్రెల చెవి మీద కోసే గాటు వేరుగా ఉంటుంది. రాన్వేగ్‌కు పద్నాలుగేళ్లప్పుడు వాళ్ల నాన్న ఆమె పేరు మీద విడిగా ఒక గాటు రాయించాడు. పెళ్లయి రేవుకు వచ్చేసినా, ఆ నాలుగూ, వాటి పిల్లలూ గిల్‌లోనే, హ్యాల్తి మందలోనే పెరిగేవి. ప్రతి సెప్టెంబరులోనూ మందలన్నీ కొండల మీద నుంచి దిగి వచ్చినప్పుడు ఆమె వెళ్లి, గుండ్రటి దొడ్డిలో వందల గొర్రెల మధ్య తన గాటు ఉన్న చెవులు వెతికి పట్టుకునేది. ఏడాదికి ఆ ఒక్కరోజు ఆమె ఫ్యాక్టరీ మనిషి కాదు.

స్టుర్లా పోయిన ఏడు ఆమె దొడ్డికి వెళ్లలేదు. నెల తర్వాత ఒక పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో నాలుగు సంచులున్నాయి. వాటి నిండా మాంసం. ముక్కలు కొట్టి, పొట్లాలు కట్టి, మీద తారీఖులు కూడా వేసి ఉంది. హ్యాల్తి ఆ ఏడు అమ్మాల్సిన తన గొర్రెలతో పాటు ఆమెవి ఉన్నవన్నీ కబేళాకు పంపేశాడు. తెచ్చి గుమ్మంలో పెట్టి, తలుపైనా తట్టకుండా వెళ్లిపోయాడు. అతని బుద్ధికి అది సాయం. మొగుడు పోయిన మనిషికి గొర్రెల గోల ఎందుకు, చలికాలానికి తిండి ఉంటే చాలనుకున్నాడు. రాన్వేగ్ ఫోను చేసి, "నన్నొక్క మాట అడక్కుండా నా గొర్రెల్ని ఎలా చంపావు?" అంది. "గొర్రెల్ని చంపక ఏం చేస్తారు?" అన్నాడు అతను. ఆమె ఫోను పెట్టేసింది. ఆ మాంసంలో ఒక్క ముక్క కూడా నోట పెట్టలేదు, ఊరంతా పంచిపెట్టింది. తర్వాత అతను నాలుగైదుసార్లు ఫోను చేశాడు, ఆమె ఎత్తలేదు. ఆ తర్వాత అతనూ మానేశాడు.

కలలోని హ్యాల్తి మాత్రం బంగారం. టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. "తప్పు నాదే రాన్వేగ్, నన్ను క్షమించు" అంటాడు. ఏడుస్తాడు. ఆమె కూడా ఏడ్చి, కాఫీ పోసి, రొట్టె మీద వెన్న రాసి పెడుతుంది. మెలకువ వచ్చాక గుండెలో బరువు దిగిపోయినట్టుంటుంది. కాఫీ కాగేలోపు ఆ బరువు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఏళ్ల తరబడి, నెలకు రెండు మూడుసార్లు. మొదట్లో ఆ కల కోసం ఎదురుచూసేది. తర్వాత దాన్ని చూస్తే అసహ్యం పుట్టింది. అన్ని రాజీలు కుదిరినా పొద్దున్నే చేతిలో ఒక్కటీ మిగలకపోతే మనిషి ఏమైపోవాలి? కలలో కూడా అతనికి కాఫీ పొయ్యడం మానేసింది. "నీకు నేను ఎన్నిసార్లని క్షమాపణ చెప్పను?" అని ఒక కలలో అతనే విసుక్కున్నాడు కూడా.

సెప్టెంబరు రెండో మంగళవారం, మధ్యాహ్నం మూడింటికి, రాన్వేగ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి వంటింటి బల్ల మీద, గోడకు ఆనుకుని, ఒళ్లో బంగాళదుంపల గిన్నెతో కూర్చుంది. రెండు దుంపలు చెక్కు తీసింది. కళ్లు మూతలు పడ్డాయి. తెరిచేసరికి హ్యాల్తి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. తలుపు తట్టలేదు. ఆ ఊళ్లో ఎవరూ తట్టరు, నేరుగా వచ్చి కాఫీ పోసుకుంటారు. అతనూ పోసుకున్నాడు.

"ఇది కాఫీయా, గిన్నె కడిగిన నీళ్లా?" అన్నాడు.

ఆమె చేతిలో దుంపను గిన్నెలో పడేసింది.

"తలుపు బందు ఊడిపోతోంది, చూసుకోవా?" అన్నాడు. కాసేపు కప్పులోకి చూశాడు. "మోకాళ్లు పోయాయి నాకు. గొర్రెలన్నీ ఇచ్చేస్తున్నా. పట్నంలో ముసలాళ్ల హోంలో గది దొరికింది. ఈ శనివారం దొడ్డే ఆఖరు. నువ్వొస్తావేమోనని."

"నువ్వు వస్తూనే ఉంటావు గదా" అంది రాన్వేగ్. "వస్తావు, చెప్తావు, పోతావు. నాకు ఓపిక లేదు హ్యాల్తీ. ఈసారైనా ఏడవకుండా పో."

"నేనెప్పుడు ఏడ్చాను?"

"అదీ నిజమే. ఇంకా మొదలుపెట్టలేదు. మొదలెట్టకముందే లేచి పో."

అతను కప్పు కింద పెట్టాడు. ఆమె కావాలనే కళ్లు మూసుకుంది. అలా మూసుకుంటే కల ఒక్కోసారి మారిపోయేది. మళ్లీ తెరిచేసరికి వంటిల్లు ఖాళీగా ఉంది. ఒళ్లో గిన్నె ఉంది. టేబులు మీద ఉన్న కప్పు తను పొద్దున తాగిందే అనుకుంది. హమ్మయ్య అనుకుని మూడో దుంప తీసుకుంది.

అయితే ఈ కల ఆమెకు కొంచెం కొత్తగా తోచింది. మోకాళ్లు, ముసలాళ్ల హోము, ఇవేవీ ఇంతకుముందు రాలేదు. దనూతను అడగకూడదని ఒట్టు కదా. అందుకని ఆ ఊళ్లో ఎవరైనా చేసే తప్పే ఆమె కూడా చేసింది. మర్నాడు సాయంత్రం ఈతకొలను పక్కన వేడినీళ్ల తొట్టిలో మెడదాకా మునిగి కూర్చుని, పక్కనున్న కేతిల్‌కు ఆ కల చెప్పింది.

కేతిల్ ఎనభై దాటిన పాత పడవ సారంగు. ఊళ్లో ఎవరి కల అయినా విప్పి చెప్పే హక్కు తనదేనంటాడు. కళ్లు మూసుకుని మొత్తం విన్నాడు.

"కాఫీ బాగా లేదన్నాడా?"

"అన్నాడు."

"మంద ఇచ్చేస్తున్నానన్నాడు. ఇల్లు ఖాళీ చేస్తున్నానన్నాడు. పోతూ పోతూ పోయొస్తానని కూడా అనలేదు. అంతేనా?"

"అంతే."

"ఇంకేముందమ్మా. ప్రయాణం కట్టేశాడు."

"ఏ ఊరికి?"

"ఏ ఊరికంటావేంటి!" అని ముసలాయన తడి వేలితో ఆకాశం చూపించాడు. "శనివారం దాకా ఉంటే గొప్పే. మీ నాయనమ్మ ఉంటే ఇదే చెప్పేది."

తొట్టి అంచున తువ్వాళ్లు సర్దుతున్న ఈదా చెయ్యి ఆగిపోయింది. ఈదా కొలను కాపలా మనిషి, నోట్లో నువ్వుగింజ నానదు. రాన్వేగ్‌కు ఆ నీళ్లలో కూడా చలి పుట్టింది. గొర్రెల గొడవ సంగతి అటుంచండి. అన్న చచ్చిపోతాడని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఏనాటికైనా అతను వస్తాడు, నిజంగా వస్తాడు, అప్పుడు మాట్లాడొచ్చులే అనుకుంటూ వచ్చింది. కోపాలన్నీ అలాంటి భరోసా మీదే కదా నిలబడేది.

శుక్రవారం పొద్దున ఫ్యాక్టరీలో బల్ల దగ్గర నిలబడేసరికి ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెండు రాత్రులూ కలలో హ్యాల్తి శవపేటిక మోసింది. భుజం నిజంగానే నొప్పి పుడుతోంది. దనూత చేప ముక్కను దీపం మీద పరిచి, ముల్లు లాగుతూ అంది:

"మీ అన్నకు బండి ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పలేదా?"

రాన్వేగ్ చెయ్యి ఆగింది. "ఏ అన్న?"

"ఎంతమంది ఉన్నారు నీకు? మంగళవారం మధ్యాహ్నం జీపు తెచ్చి నా గేటుకు అడ్డంగా పెట్టాడు. నేను బయటికొచ్చి నా కారు హారన్ కొట్టా. మీ ఇంట్లోంచి వచ్చాడు, నీ అన్ననని చెప్పాడు. బాగా తిడదామనుకున్నా. కానీ జీపు తాళంతో నా గేటు తియ్యబోతున్నాడు. మనిషి ధ్యాస ఈ లోకంలో లేదు. ఇక ఏం తిడతాను?"

"మంగళవారం."

"మంగళవారమే. నాకు బట్టలుతికే రోజు. నువ్వు ఇంట్లో లేవా అప్పుడు?"

రాన్వేగ్ చేతి మీదుగా నాలుగు చేప ముక్కలు ముళ్లతో సహా పెట్టెలోకి వెళ్లిపోయాయి. తను అన్న ఒక్కొక్క మాటా గుర్తొచ్చింది. ఓపిక లేదు. లేచి పో. ఏడవకుండా పో. కలకు చెప్పిన మాటలు. విన్నది మాత్రం ముసలి మోకాళ్లతో ఇరవై మైళ్లు బండి నడుపుకుంటూ, పదకొండేళ్ల తర్వాత గుమ్మం ఎక్కిన మనిషి. ఆమెకు ఏడుపు రాలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"నేనతన్ని తరిమేశాను దనూతా" అంది. "కల అనుకుని తరిమేశాను."

దనూత చేతిలో ముల్లు పక్కన పెట్టింది. తర్వాత, "నన్ను అడగాల్సింది" అంది.

"నువ్వు డైరీని కాదన్నావు."

"అన్నాను. నేనేదో అంటాను. నువ్వు పట్టించుకుంటావా?" అని తల తిప్పుకుని ముల్లు పీకింది. కాసేపయ్యాక, "రేపు పొద్దున తొమ్మిదింటికి తయారుగా ఉండు. తీసుకెళ్తా" అంది. రాన్వేగ్ కారు నడపడం మానేసి రెండేళ్లయింది. కారు ఫ్యాక్టరీ దగ్గరే ఉండగా, కలలో దాన్ని ఇంటికి నడుపుకొచ్చి, పొద్దున్నే దానికోసం వీధంతా వెతికిన రోజు నుంచి.

ఆ సాయంత్రం ఆరుసార్లు ఫోను చేసింది. హ్యాల్తి ఎత్తలేదు. ఎందుకెత్తుతాడు?

శనివారం పొద్దుటికి కొండల మీద నుంచి గొర్రెలన్నీ దిగిపోయాయి. లోయంతా అరుపులు, బురద, తడి ఉన్ని వాసన. గుండ్రటి రాతి దొడ్డి మధ్యలో జనం కొమ్ములు పట్టుకుని గొర్రెలను ఈడుస్తున్నారు. గోడ మీద కేతిల్ మందు సీసాతో కూర్చుని ఉన్నాడు. పక్కన ఈదా. రాన్వేగ్‌ను చూసి ఈదా గబుక్కున చూపు తిప్పేసుకుంది. హ్యాల్తికి రోజులు దగ్గరపడ్డాయన్న కబురు గురువారం మధ్యాహ్నానికే పెట్రోలు బంకు దాకా చేరిందట. అక్కడ డీజిల్ పట్టించుకుంటున్న హ్యాల్తికి కౌంటరు పిల్ల డబ్బు తీసుకోకుండా, "ఇంకేమైనా కావాలా, ఏదైనా సరే" అని జాలిగా అడిగిందట.

హ్యాల్తి దొడ్డి మధ్యలో ఒక ముసలి గొర్రెకు అటో కాలు ఇటో కాలు వేసి నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. కలలో అతనికి ఇంత వయసు ఉండేది కాదు. రాన్వేగ్ బురదలో కాళ్లు ఈడ్చుకుంటూ ఎదురుగా వెళ్లి నిలబడింది.

"చావలేదింకా" అన్నాడు. "నీకేమైనా నిరాశగా ఉందా?"

"నువ్వు నిజంగా వచ్చావని నాకు తెలీదు హ్యాల్తీ."

"తెలుసు. ఊరంతా వచ్చి చెప్పారు. పదకొండేళ్ల తర్వాత మనిషి ఇంటికొస్తే కల అనుకోవడమేంటే? ముట్టుకుని చూడొచ్చు గదా."

"ముట్టుకుంటే కలలో కూడా తెలుస్తుంది. నువ్వు కలలోకొస్తావు. ఎప్పుడూ వస్తూనే ఉంటావు."

"వచ్చి ఏం చేస్తా?"

"తప్పు నాదే అంటావు. క్షమించమంటావు. ఏడుస్తావు."

హ్యాల్తి గొర్రె కొమ్ములు వదలకుండా ఆలోచించాడు.

"అయితే వాడు నేను కాదు" అన్నాడు. "ఊరికే నిలబడకపోతే ఆ నల్లదాన్ని పట్టుకో."

ఆమె పట్టుకుంది. మధ్యాహ్నం దాకా ఇద్దరూ పక్కపక్కనే పని చేశారు. గొర్రెల గురించి తప్ప ఒక్క మాట లేదు. ఒక్కో చెవినీ వేళ్లతో తడిమి గాటు చూస్తున్నప్పుడు, తన గాటు ఇక ఏ చెవి మీదా ఉండదని ఆమెకు ప్రతిసారీ గుర్తొచ్చేది. ప్రతిసారీ కోపం వచ్చేది. పక్కనే అతను మోకాలు పట్టుకుని మూలిగితే ఆ కోపం ఎటు పోవాలో తెలియక తచ్చాడేది. ఆఖరి గొర్రె లారీ ఎక్కింది. హ్యాల్తి లారీ వైపు చూడలేదు. "సూపుంది ఇంట్లో" అన్నాడు.

గిల్ ఇంట్లో సగం సామాను అట్టపెట్టెల్లోకి వెళ్లిపోయింది. మాంసం సూపు తాగారు. రాన్వేగ్ నడుము విరిగిపోతోంది. వంటింటి బల్ల మీద కాసేపు నడుం వాలుస్తానంది. దనూత వచ్చేదాకా ఇంకా గంటన్నర ఉంది. వాల్చింది గానీ నిద్రకు భయపడింది. ఇక్కడ పడుకుని లేస్తే, ఈ రోజంతా జరిగిందో లేదో మళ్లీ ఎవరిని అడగాలి? కళ్లు మాత్రం మూసుకుంది. హ్యాల్తి సూపు జుర్రుకోవడం వింది. రేడియోలో వాతావరణం చెప్పేవాణ్ని తిట్టడం వింది. గ్లాసు కడిగి బోర్లించడం, కుర్చీ లాక్కుని కూర్చోవడం, ఉత్తినే దగ్గడం, అన్నీ వింది. ఒక్క క్షణం కూడా కన్ను అంటుకోలేదు. ఇద్దరి మధ్యా ఒక్క మాట కూడా నడవలేదు. అది ఆమెకు ఖాయంగా తెలుసు.

కళ్లు తెరిచింది.

"బాగా నిద్రపోయావు" అన్నాడు హ్యాల్తి.

లేదనబోయి ఊరుకుంది. "ఏమైనా మాట్లాడానా?"

హ్యాల్తి కిటికీలోంచి ఖాళీ దొడ్డి వైపు చూస్తున్నాడు. "నిద్రకు ముందు మాట్లాడావు. క్షమించమన్నావు. మంగళవారం తరిమేసినందుకు. ఫోను చేస్తే ఎత్తనందుకు కూడా."

రాన్వేగ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఈ ఒక్క గంటలో ఏది జరిగిందో, ఏది జరగలేదో ఆమెకు గీత గీసినట్టు తెలుసు. అబద్ధం. గొర్రెల్ని చంపింది అతను, క్షమించమనేది తనా? నోటిదాకా వచ్చింది. అతని వైపు చూసింది. చెవులు తమ్మెల దాకా ఎర్రబడి ఉన్నాయి. అబద్ధమాడటం ఆ మనిషికి చిన్నప్పుడూ చేతనయ్యేది కాదు. డెబ్బై ఏళ్లు కావస్తున్నా ఇంకా రాలేదు. ఆమెకు ఒక్కసారిగా మహా అలసటగా అనిపించింది. కాదని నిరూపించడానికి కూడా ఓపిక ఉండాలి.

"అడిగే ఉంటాను" అంది. "నాకు ఏది ఎప్పుడు జరిగిందో తెలిసి చావదు గదా. మరి నువ్వు?"

"నేనేంటి?"

"నేనడిగాక నువ్వేమన్నావు? నాకు గుర్తులేదు. నువ్వే చెప్పాలి."

హ్యాల్తి టేబులు మీద లేని రొట్టె ముక్కలను చేత్తో తుడిచాడు. మళ్లీ తుడిచాడు.

"అన్నాను" అన్నాడు.

"ఏమన్నావు?"

"నీ గొర్రెల్ని నిన్నడక్కుండా పంపడం తప్పన్నాను." ఆగాడు. "స్టుర్లా పోయినప్పుడు నీ దగ్గరకొచ్చి కూర్చోవాల్సింది అన్నాను. ఏం మాట్లాడాలో తెలీక, మాంసం గుమ్మంలో పెట్టి పారిపోయాను అన్నాను. లోపల నువ్వు నడుస్తున్న చప్పుడు వినపడిందన్నాను. విని కూడా పారిపోయాను అన్నాను."

రాన్వేగ్ లేచి కూర్చుంది. కలలో హ్యాల్తి ఈ మాట ఎప్పుడూ అనలేదు. తలుపుకు అవతల అతను నిలబడ్డాడని ఆమెకు ఏనాడూ తోచలేదు.

"ఇంకా?"

"అంతే. ఇంతకంటే ఎక్కువ అన్లేదు."

"నేనేమన్నాను దానికి?"

హ్యాల్తి అప్పుడు ఆమె వైపు తిరిగాడు. ఆ ముఖంలో భయం ఉంది.

"నువ్వప్పటికే నిద్రపోయావు" అన్నాడు.

"లేదు" అంది రాన్వేగ్. "విన్నాను."